ముందుగా అడగవలసింది: ఎవరికి ఎంత బాకీ ఉన్నావు?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు పలమనేరులో ఉంటున్నారు. తమ్ముడు తిరుపతిలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అతని సంచిలో గంజాయి పొట్లం కనిపించింది, మీ అమ్మగారు దాన్ని నీళ్ల పొయ్యిలో వేసి కాల్చేశారు. నిలదీస్తే "ఆకే కదా, అమెరికాలో దుకాణాల్లో అమ్ముతున్నారు" అన్నాడు. నాన్నగారికి ఇంకా తెలియదు. పోలీసుల దాకా వెళితే చదువు పోతుందని మీ భయం. "ప్రపంచమంతా లక్షల కోట్లతో నడిచే వ్యాపారం కదా, ఒక ఇంట్లో మనం ఏం చేయగలం?" అని చివర అడిగారు.

ఇరవై రెండేళ్లుగా చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. గంజాయి కేసుల్లో ముద్దాయిల తరఫున వకాల్తా వేసినవే ఎక్కువ. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది, అది ఈ వారంలోనే చేయాలి. "ఎప్పటి నుంచి తాగుతున్నావు, ఎవరు నేర్పారు" అని మీ తమ్ముడిని ఇప్పటికే అడిగి ఉంటారు. అందరూ అదే అడుగుతారు. నేను అడగమనేది వేరే ప్రశ్న: ఎవరికి ఎంత బాకీ ఉన్నావు?

ఈ ప్రశ్న నేను ఎలా నేర్చుకున్నానో చెప్పాలి. కొన్నేళ్ల కిందట నగరి వైపు నుంచి ఒక మరమగ్గాల కార్మికుడు నా దగ్గరికి వచ్చాడు. కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. నూటయాభై గ్రాముల గంజాయితో దొరికాడు. బెయిలు వచ్చింది, ఆ తరువాత జరిమానాతో కేసు ముగిసింది. "ఇక భయం లేదు, పిల్లవాడిని చదివించుకో" అని నేనే ఆ తండ్రికి ధైర్యం చెప్పి పంపాను. ఆయన కాలినడకన కొండెక్కి, లడ్డూ ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఎనిమిది నెలలు తిరిగేసరికి మళ్లీ అదే తండ్రి ఫోను చేశాడు. ఈసారి ఇరవై నాలుగు కిలోలు. విశాఖ వైపు నుంచి వచ్చే రాత్రి రైలులో రెండు బ్యాగులు, పైన దుప్పట్లు, అడుగున ఖాకీ రంగు టేపు చుట్టిన రెండేసి కిలోల పొట్లాలు పన్నెండు. జైలులో ములాఖత్‌కు వెళ్లినప్పుడు ఆ పిల్లవాడు అసలు సంగతి చెప్పాడు. మొదటిసారి పోలీసులకు చిక్కిన సరుకు అతనిది కాదు. అమ్మేవాడు "నీ స్నేహితులకు చేర్చు, డబ్బు తరువాత ఇద్దువు" అని అరువిచ్చినది. దాని ఖరీదు, అంతకుముందు తాను తాగినదాని ఖరీదు కలిపి తొమ్మిది వేలు అయ్యాయి. కోర్టు జరిమానా కట్టించుకుంది గానీ ఆ తొమ్మిది వేలు అలాగే నిలిచాయి. "నర్సీపట్నం వెళ్లి రెండు బ్యాగులు తెచ్చిపెట్టు, బాకీ చెల్లు, పైన మూడు వేలు ఇస్తా" అన్నాడట. ఫోనులో ఆ మనిషి పేరు "అన్న" అని మాత్రమే ఉంది. ఆ సిమ్ ఎవరో తాపీ పని కూలీ పేరు మీద తీసినది. అన్న ఎవరో ఈ రోజుకీ తేలలేదు. పిల్లవాడికి పదేళ్ల శిక్ష పడింది. తీర్పు రోజుకు అతనికి ఇరవై రెండేళ్లు.

మొదటి కేసులో ఒక వకీలు అడగవలసినవన్నీ అడిగాను. బరువు ఎంత, సరుకు పట్టుకున్నప్పుడు సాక్షులుగా పిలిచిన మధ్యవర్తులు ఎవరు, శాంపిల్ ఎలా తీశారు, సీలు ఎప్పుడు వేశారు. బాకీ సంగతి మాత్రం అడగలేదు. అడిగి ఆ తండ్రి ముందు పెట్టి ఉంటే, ఆయన తన కొడుకును ఆ రైలు ఎక్కనిచ్చేవాడు కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లవాడినీ ముందు అదే అడుగుతున్నాను. పది మందిలో ఏడెనిమిది మంది తల దించుకుని ఒక అంకె చెబుతారు. రెండు వేలు, ఆరు వేలు, పదకొండు వేలు. పిల్లవాడి చేతిలో డబ్బు అయిపోతే అమ్మేవాడు సరుకు ఆపుతాడని మనం అనుకుంటాం. ఆపడు. అప్పుడే మరింత ఉదారంగా ఇస్తాడు. అతనికి కావలసింది ఆ కుర్రవాడి రెండు వందలు కాదు, ఆ కుర్రవాడే.

మీరు లక్షల కోట్ల వ్యాపారం అన్నారు కదా, దాని అడుగున ఉన్నది కూడా ఇదే అప్పు. మన గంజాయి ఎక్కువగా వచ్చేది ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి. ఇటు చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు, అటు మల్కన్‌గిరి, కోరాపుట్. పసుపు, మిరియాలు, కాఫీ పండే నేల అది. వ్యాపారి వచ్చి విత్తనమూ, పెట్టుబడీ ముందే చేతిలో పెడతాడు. పంట అతనికే ఇవ్వాలి. 2021 చివర్లో మన పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. సాగులో చాలా భాగం సరిహద్దు దాటి ఒడిశా కొండల్లోకి జరిగింది. పెట్టుబడి పెట్టినవాడు కొండ మార్చుకున్నాడు, గిరిజన రైతు తన కొండ మీదే మిగిలాడు.

అఫ్ఘానిస్తాన్‌లో ఈ పద్ధతికి సలాం అని పేరే ఉంది. చలికాలం గడవడానికి రైతు ఇంకా చేతికి రాని నల్లమందును తక్కువ ధరకు ముందే అమ్ముకుని డబ్బు తెచ్చుకుంటాడు. 2022 ఏప్రిల్‌లో తాలిబన్లు ఆ సాగును నిషేధించారు. మరుసటి ఏడాదికి అది దాదాపు 95 శాతం పడిపోయిందని ఐక్యరాజ్యసమితి లెక్క కట్టింది. అదే 2023లో నల్లమందు ఉత్పత్తిలో మయన్మార్ మొదటి స్థానానికి వచ్చింది. ఒకచోట నొక్కితే మరొకచోట పైకి లేస్తుంది.

దీనికి మన దేశంలో పాత చరిత్రే ఉంది. ఈస్టిండియా కంపెనీ బీహారు, కాశీ ప్రాంతాల రైతులకు బయానా ఇచ్చి గసగసాలు వేయించేది. నల్లమందును తాను చెప్పిన ధరకే తీసుకుని, కలకత్తాలో వేలం వేసి, వర్తకుల చేత చైనాకు చేరవేయించేది. చైనా అడ్డుకుంటే 1839లో బ్రిటన్ ఏకంగా యుద్ధమే చేసింది. ఆ కాలపు గాజీపూర్ కర్మాగారం ఇప్పుడు ప్రభుత్వం చేతిలో ఉండి, ఔషధాల కోసం నల్లమందును శుద్ధి చేస్తోంది.

శేషాచలం కింద బతుకుతున్న మనకు ఇది మరీ కొత్త కాదు. తమిళనాడు జవ్వాది కొండల నుంచి వచ్చి ఎర్రచందనం నరికే కూలీల కేసులు కూడా నేను చూశాను. మేస్త్రీ ముందు చేతికి అడ్వాన్సు ఇస్తాడు. అది ఇంటి ఖర్చులకు అయిపోతుంది. ఇక అడవికి రాక తప్పదు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గర అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు, అందరూ తమిళనాడు వాళ్లే. ఆ దుంగలను చైనాలో కొనేవాడి పేరు ఇన్నేళ్లలో ఏ కేసు కట్టలోనూ నాకు కనిపించలేదు.

2023లో ప్రపంచంలో 31.6 కోట్ల మంది ఏదో ఒక మత్తు పదార్థం వాడారని, అందులో 24.4 కోట్ల మంది గంజాయి వాడినవాళ్లని ఐక్యరాజ్యసమితి అంచనా. అంత సరుకు కొండ మీది నుంచి పెదవుల దాకా గాలిలో రాదు. ఎవరో మోయాలి, ఎవరో పేరివ్వాలి. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ పట్టుబడింది గుర్తుందా? అది అఫ్ఘానిస్తాన్ నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా, టాల్క్ రాయి అని రాసుకుని వచ్చింది. దిగుమతి కాగితాల మీద ఉన్నది మన విజయవాడ చిరునామా. అంత పెద్ద వ్యాపారానికి చిరునామా, సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, బ్యాగు మోసే చెయ్యి కావాలి. అవన్నీ మనలాంటి ఇళ్లలోనే దొరుకుతాయి. మీ ఇంట్లో ఏం చేయగలరన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. ఆ చేతిని వాళ్లకు దొరకకుండా చేయగలరు.

తిరుపతి ఈ పనికి అనువైన ఊరు కావడం నాకు కష్టంగా ఉంటుంది. రోజూ వేల మంది సంచులతో దిగుతారు, వేల మంది సంచులతో వెళ్తారు. గుండు, నామం ఉన్న మనిషిని ఎవరూ అనుమానించరు. గూడూరు, రేణిగుంట జంక్షన్లు ఉన్నాయి, నాయుడుపేట దగ్గర కోల్‌కతా చెన్నై రహదారి తగులుతుంది, చిత్తూరు మీద నుంచి మీ పలమనేరు దాటితే బెంగళూరు బాట. దానికి తోడు ఇన్ని కాలేజీలు, ఇన్ని హాస్టళ్లు, ఇంటికి దూరంగా ఉన్న ఇంతమంది పిల్లలు.

ఇక చట్టం. 1985 నాటి మత్తు పదార్థాల చట్టంలో అంతా బరువు మీద నడుస్తుంది. గంజాయి కిలో లోపు ఉంటే చిన్న పరిమాణం, ఏడాది దాకా జైలు గానీ, 10,000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ. కిలోకు పైన, 20 కిలోల లోపు అయితే పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. అక్కడ పదేళ్లకు తక్కువ శిక్ష వేసే అధికారం జడ్జికి లేదు, ఇరవై ఏళ్ల దాకా వేయవచ్చు. చార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజుల గడువు ఉంటుంది. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి ఆధారం ఉందని కోర్టుకు అనిపిస్తే తప్ప బెయిలు రాదు. "బ్యాగులో ఏముందో నాకు తెలియదు" అంటే, తెలియదని నిరూపించుకోవలసింది కూడా అతనే. ఇది మీ తమ్ముడికి చదివి వినిపించండి. "ఒక్కసారి వెళ్లి తెచ్చెయ్" అన్న మాట ఎప్పుడైనా విన్నాడా అని అడిగి, అతని ముఖం చూడండి.

మీరు భయపడుతున్న పోలీసు కేసు విషయంలో చాలామందికి తెలియని సెక్షన్ ఒకటి ఉంది, 64ఎ. అలవాటు పడిన మనిషి, వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్నా సరే, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలోగానీ చికిత్సకు చేరి దాన్ని పూర్తి చేస్తే, ఆ నేరానికి అతని మీద విచారణ ఉండదు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. మీ తమ్ముడి మీద ఇప్పుడు కేసే లేదు. చికిత్సకు తీసుకెళ్తే పోలీసులకు దొరికిపోతాడన్న భయం వదిలేయండి.

అతని ఫోనులో ఉన్న చెల్లింపుల సంగతి కూడా చెప్పాలి. ఈ రోజుల్లో ఒక చిల్లర అమ్మకందారు దొరికితే పోలీసులు ముందు చూసేది ఎవరెవరు అతనికి ఫోనుతో డబ్బు పంపారన్నది. సహముద్దాయి అధికారుల ముందు చెప్పిన మాటను ఒప్పుకోలుగా వాడరాదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. కానీ ఆ వాదన గెలిచేసరికి పిల్లవాడి పరీక్షలు రెండు దఫాలు దాటిపోతాయి. కాబట్టి బాకీ ఉందని తేలితే, మీ ఫోను నుంచి గానీ నాన్నగారి ఫోను నుంచి గానీ ఒక్క రూపాయి పంపకండి. నిషిద్ధ సరుకు మీద పుట్టిన బాకీ చట్టం దృష్టిలో బాకీయే కాదు. ఆ అమ్మేవాడు కోర్టుకు వెళ్లలేడు, నోటీసు ఇవ్వలేడు. అతని దగ్గర ఉన్నదల్లా మీ తమ్ముడి భయం. ఇంట్లో తెలియకూడదన్నది ఆ భయంలో పెద్ద భాగం. ఇంట్లో తెలిసిపోయిన రోజున అది సగం తగ్గుతుంది. మాట్లాడి తేల్చుకుందామని తమ్ముడిని ఒంటరిగా పంపకండి. బెదిరింపులు వస్తే మత్తు పదార్థాలను అరికట్టే రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు 1972, కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ విభాగం నంబరు 1933 ఉన్నాయి. అక్కడ చెప్పండి.

"ఆకే కదా" అన్న మాటకు ఒక జవాబు. మన చట్టం ప్రకారం పూత, కాయ భాగాలు లేని వట్టి ఆకు గంజాయి కిందకే రాదు. పొట్లాలు కట్టి అమ్మేది ఆడ మొక్క పూత, జిగురు పట్టిన భాగం. మత్తు ఎక్కువగా అందులోనే ఉంటుంది. అమెరికాలో దుకాణాలు ఉన్న రాష్ట్రాల్లో కూడా 21 ఏళ్లు నిండనివాడికి వినోదానికి అమ్మరు, కేంద్ర చట్టం ప్రకారం అక్కడ అది ఇంకా నేరమే. థాయ్‌లాండ్ 2022లో తలుపులు తెరిచి, 2025లో వైద్యుడి చీటీ ఉండాలని మళ్లీ బిగించింది. సింగపూరులో 500 గ్రాములకు మించి రవాణా చేస్తే మరణశిక్ష. రేపు ఉద్యోగానికి ఏ దేశం వెళ్తాడో ఎవరికి తెలుసు?

చికిత్స గురించి, నేను వైద్యుడిని కాను గానీ ఎన్నో కుటుంబాలతో ఆసుపత్రులకు తిరిగిన మనిషిని. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి తీసుకెళ్లండి. దారి తెలియక తికమకగా ఉంటే 14446కు ఫోను చేయండి, అది మత్తు మాన్పించే జాతీయ సహాయ నంబరు. గంజాయి మానిన మొదటి వారం నిద్ర పట్టదు, అన్నం సహించదు, ముట్టుకుంటే కోపం వస్తుంది. చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. ఆ కోపం చూసి "వీడు మారడు" అని అనుకోకండి. అలవాటును మాన్పించే మాత్ర గంజాయికి లేదు. కూర్చోబెట్టి మాట్లాడటమే అసలు వైద్యం. వైద్యుడి దగ్గర ఒక విషయం దాచవద్దు. మీ వంశంలో ఎవరికైనా మతిభ్రమణం వంటి మానసిక జబ్బు ఉంటే తప్పక చెప్పండి. అలాంటి కుటుంబాల పిల్లలకు గంజాయి వల్ల మతి చలించే ప్రమాదం ఎక్కువ.

గంజాయి ఒక్కటేనా అన్నది కూడా నెమ్మదిగా తెలుసుకోండి. అమ్మేవాడు ఒక సరుకుతో ఆగడు. నొప్పి మాత్రలు, ముఖ్యంగా టపెంటడాల్, ట్రమడాల్, లేదా నైట్రాజెపామ్, ఆల్ప్రజోలమ్ వంటి నిద్ర మాత్రలు వాడుతున్నాడని తేలితే ఇంట్లో బలవంతంగా మాన్పించవద్దు. నిద్ర మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. నల్లమందు జాతి మందులు కొంతకాలం మాని, మళ్లీ పాత మోతాదు తీసుకుంటే శరీరం తట్టుకోలేక ఊపిరి ఆగిపోవచ్చు. నా కక్షిదారు ఒకడు జైలు నుంచి బయటికి వచ్చిన మూడో రోజున అలాగే చనిపోయాడు. చేతుల మీద సూది గుర్తులు చూడండి. ఉంటే ఒక్క రోజు కూడా ఆగకండి.

గోడల మీద ప్రకటనలు వేసుకునే ప్రైవేటు కేంద్రాల విషయంలో జాగ్రత్త. మూడు నెలలు ఎవరూ చూడటానికి రాకూడదు అనే చోట పిల్లవాడిని వదలకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నిషేధం, చేర్చుకునే కేంద్రానికి నమోదు తప్పనిసరి. ఆ నమోదు పత్రం చూపించమని అడగండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయండి.

వీలైతే ఈ సెమిస్టర్‌కు అతన్ని ఆ గది నుంచి మార్చండి. తిరుపతిలో అద్దెకు చిన్న ఇల్లు తీసుకుని, మీ అమ్మగారు నాలుగైదు నెలలు అక్కడ ఉండగలిగితే అంతకంటే మంచిది లేదు. అలా చేసిన ఇళ్లు నాకు తెలుసు. పొద్దున కాలేజీకి వెళ్లేటప్పుడు, రాత్రి తిరిగి వచ్చినప్పుడు అన్నం పెట్టే మనిషి ఉండటం ఆ పిల్లలకు ఎంత ఉపయోగపడిందో వాళ్లే నాకు చెప్పారు. ఫోను లాక్కోవద్దు. లాక్కుంటే ఇంకొకటి సంపాదిస్తాడు, దానికీ అరువే తెస్తాడు.

నాన్నగారికి చెప్పాలా అని మీరు నేరుగా అడగలేదు గానీ మీ ఉత్తరమంతా అదే ఉంది. చెప్పండి. ముందు తమ్ముడితో మీరు ఒక్కరే కూర్చుని ఆ అంకె రాబట్టండి. "కొట్టరు, కేసు ఉండదు, ఎంతో చెప్పు చాలు" అని మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి. తరువాత అదే రాత్రి, తమ్ముడు పక్కన ఉండగానే నాన్నగారికి చెప్పండి. "వీడిని ఒకడు ఇంత బాకీతో పట్టుకుని ఉన్నాడు నాన్నా" అని మొదలుపెట్టండి. గంజాయి సంగతి ఆ తరువాత చెప్పవచ్చు.